ఈ మొహానికి ఎకనామిక్సా?

"లెక్కల్లో ముప్ఫై ఎనిమిది. ఈ మొహానికి యూనివర్సిటీలో ఎకనామిక్సా?"

మేనకోడలి మార్కుల కాగితాన్ని చచ్చిన బొద్దింకలా రెండు వేళ్ళతో పట్టుకుని, మామయ్య ట్యూషన్ గదంతా చూపించాడు. ఇరవై మంది పట్టే గదిలో ఇరుక్కున్న యాభై మందీ నవ్వారు. సరిగ్గా నవ్వడానికైనా వాళ్ళకి చోటు చాలలేదు.

ఆమె తెచ్చుకున్న ప్రవేశ పరీక్ష పాత ప్రశ్నపత్రాన్ని కూడా ఆయన లాక్కున్నాడు.

"నాటకాల హాలుకి ఆదాయం బాగా రావాలంటే టికెట్టు ఎంత పెట్టాలి? ఇదొక ప్రశ్న. మా వాళ్ళు నిద్రలో చేస్తారు."

సుద్దముక్క బోర్డు మీద టకటకలాడింది. అర నిమిషంలో జవాబు కింద రెండు గీతలు పడ్డాయి.

"టికెట్టు నూట యాభై, జనం మూడు వందలు. నీకొచ్చా ఇది?"

"రాదు మామయ్యా."

"మరి ఏం చూసుకుని అప్లికేషన్ పెడుతున్నావు?"

బోర్డు మీద ఉన్నదాంట్లో సగం ఆమెకి అర్థం కాలేదు. చివరి అంకె మాత్రం అర్థమైంది. ప్రశ్నపత్రం అందుకుని మొదటి వాక్యం మళ్ళీ చదివింది.

"హాల్లో కుర్చీలు రెండు వందలేనని పైనే రాశారు మామయ్యా. మిగతా వంద మందినీ ఎవరి ఒళ్ళో కూర్చోబెడతారు?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మామయ్య తన లెక్కని పైనుంచి కిందిదాకా రెండుసార్లు వెతికాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

ఆమె తన మార్కుల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"ఆ లెక్క నాకూ కావాలి. రేపట్నుంచి నేర్చుకోడానికి వస్తాను," అంది, బెంచీల వైపు చూస్తూ. "కూర్చోడానికి చోటుంటే."