గోడ మీద నలభై ఏడు

ఫిల్మ్‌నగర్ గుట్ట మీద గుడిసెలు తీయించడానికి వచ్చిన డిప్యూటీ కలెక్టర్ సదాశివరావును సుబ్బులు చూడగానే గుర్తుపట్టింది.

"ఎనభై నాలుగుల యూనివర్సిటీ నుంచి వచ్చి ఇంటింటికీ నంబరేసిన సారు మీరే గదా! గా నంబరు జూడుండ్రి. ఏటేటా గోడకు సున్నమేస్తం గని దాని మీద పడనియ్యం."

తలుపు పక్కన నీలం రంగులో 47. సదాశివరావు చేతిరాతే. పేదల బస్తీలకు పట్టాలివ్వాలని వాదిస్తూ ఎమ్మేలో రాసిన థీసిస్ కోసం ఈ గుట్టంతా తిరిగాడు. దానికే గోల్డ్ మెడల్ వచ్చింది. ఉద్యోగం ఇంటర్వ్యూలోనూ దాని గురించే మెచ్చుకుంటూ అడిగారు.

"పక్క బస్తోళ్లు కోర్టుకు పోయిండ్రు సారూ. మాకు సర్కారు నంబరున్నది గదా అని మేం పోలే."

అది సర్కారు నంబరు కాదని చెప్పబోయాడు. తల దించుకుని, పైనుంచి వచ్చిన ఆర్డరు వెనక కుట్టిన, కూల్చాల్సిన ఇళ్ల జాబితా తిప్పాడు.

47. సుబ్బులు. మనుషులు నలుగురు. మేకలు రెండు.

గుట్ట మీద మేకలు పోయి ఏళ్లయింది. ఏ ఆఫీసూ మేకల్ని లెక్కపెట్టదు. ఆ జాబితా తన థీసిస్ చివరి పేజీలే. ఎవరో మక్కికి మక్కి టైపు చేయించారు.

"మా నంబరు గా కాయితంల ఉన్నదా సారూ?"

"ఉందమ్మా."

సుబ్బులు బస్తీ వైపు తిరిగి సంతోషంగా కేకేసింది.

"ఫికర్ జేయకుండ్రి! అందరి నంబర్లు సారు దగ్గర్నే ఉన్నయి!"