మా ఇంటి కంట్రోలు

1945 జులై 12, గురువారం. బియ్యం ఏరినాను. చింతపండు గింజలు తీసినాను. పక్కగుడ్డలు ఉతికినాను.

యుద్ధం వచ్చినప్పటి నుంచి మా ఆయనకు కంట్రోలు అనే ఒక్క ఇంగ్లీషు మాట చాలు. బియ్యం కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు, నేను రెండో లోటా కాఫీ కలుపుకుంటే అదీ కంట్రోలు. ఐరాలకు పోయి అమ్మను చూసొస్తానని రెండుసార్లు అడిగితే, "ప్రయాణాలు కంట్రోలు" అన్నారు.

ఈ మధ్యాహ్నం ఆయన ఆఫీసు నుంచి వచ్చి అన్నానికి కూర్చోగానే మళ్ళీ అడిగినాను.

"మీయమ్మ నోటికి కంట్రోలే లేదు. ఐరాలలో మాట్లాడితే ఈడ తిరపతికి వినిపిస్తాది. ఇంక పోయేదెందుకు?" అని నవ్వినారు.

నేను పప్పు వడ్డించినాను.

మాలో అత్త అల్లుడి ఎదుట పడదు, నేరుగా మాట్లాడదు. అందుకే వంటింటి తలుపు వెనక నుంచి మా అమ్మ నాతో అనింది:

"వనజా, అల్లుడుగారికి ఇంకాస్త నెయ్యి వెయ్యి. పొద్దున బస్సు దిగినప్పటి నుంచి నా నోరు కంట్రోల్లోనే ఉండాదని చెప్పు."

ఆయన ముద్ద చేతిలోనే ఆగిపోయింది. గొంతు తగ్గించి, "ఎన్నాళ్ళుంటారంట?" అన్నారు.

"మీరు నన్ను పంపని రెండు ప్రయాణాలకూ కలిపి పదిరోజులు."

ఐరాల బాకీ చెల్లు.