తల తిప్పుకున్న చీమ

ఏ అడవో అడక్కండి గానీ, అక్కడి చీమలకు ఒకదానికొకటి ఎదురుపడ్డప్పుడు తల ఆనించుకోవడమే దేవుడికి దండం. ముసలి చీమ చుక్కవ్వ రోజుకు వెయ్యిసార్లు ఆనించేది, ఎవరికీ చెప్పుకునేది కాదు.

ఒకరోజు గండుచీమ కొండిగాడు, తనకు తల ఆనించలేదని, నిద్రపోతున్న ఎలుగుబంటి చెవిలో దూరి కుట్టాడు. "దేవుడి కోసమే కుట్టాను" అని పుట్టెక్కి చాటాడు.

అప్పట్నుంచి రెండు చీమలు తలలు దగ్గర పెడితే చాలు, "అదిగో, ఎవర్నో కుట్టడానికి మంతనాలు" అంటూ జంతువులన్నీ తొక్కెయ్యడమే. సొంత చెల్లెలు ఎదురొచ్చినా చుక్కవ్వ భయంతో తల తిప్పుకుని పోయింది.

అది చూసి కొండిగాడు కళ్లొత్తుకున్నాడు.

"భక్తి అడుగంటిపోతోంది అవ్వా. ఒక్క ఎలుగుబంటితో ఆపితే సరిపోయేట్టు లేదు."