సొన మచ్చలు

“మళ్ళీ ఉప్పు నాకుతున్నావా? చెయ్యి విరగ్గొడతా.”

సూర్యకాంతం మనవరాలి చేతి మీద ఒక్కటి వేసింది.

ఎనిమిదేళ్ళ శ్రీరమ్య పిడికిలి విప్పింది. ఆవకాయకని తెచ్చిన కల్లుప్పు నేల మీద పడింది.

నూజివీడు అవతల వాళ్ళ మామిడితోట. ఆవకాయ కాయకి వచ్చినవాళ్ళకి అక్కడే ముక్కలు కొట్టి ఇస్తారు. ఆ రోజు చింతలపూడి నుంచి వచ్చిన ఒకావిడ తన వంతు కోసం చెట్టు కింద కూర్చుంది. మంచినీళ్ళడిగి, చిటికెడు ఉప్పు వేయించుకుని తాగింది.

ఆవిడ చూపంతా శ్రీరమ్య మీదే ఉంది.

“పాప పెదాలు అలా నల్లబడ్డాయేంటండీ?”

“కాయ సొన. తోటలో తిరిగే పిల్లలకి మామూలే,” అంది సూర్యకాంతం.

“చిగుళ్ళు కూడా నల్లగా ఉన్నాయి. చిగుళ్ళకి సొన అంటుతుందా అండీ?”

“నీ పెదాలేమన్నా తెల్లగా ఉన్నాయా? కాయలు కావాలంటే కూర్చో, లేకపోతే దారి చూసుకో.”

ఆ ఇంట్లో కోపానికి కరువు లేదు. ఆలోచించడానికే ఎవరికీ తీరిక లేదు. పిల్ల నెలల తరబడి చిక్కిపోతుంటే తిండి తినదని తిట్టారు. పడుకుంటే బద్ధకమన్నారు. వాంతి చేసుకుంటే పచ్చికాయలు తిందని కొట్టారు. డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళ్ళలేదు.

కాసేపటికి శ్రీరమ్య మళ్ళీ వాంతి చేసుకుని చెట్టు మొదట్లో వాలిపోయింది.

అందరూ కత్తుల దగ్గర పనిలో ఉన్నారు. తండ్రి ఉదయశంకర్ తలెత్తి చూసేసరికి ఆ చింతలపూడి ఆవిడ పిల్ల తొడలో సూది దింపుతోంది.

ఒక్క పరుగున వచ్చి ఆవిడ చెంప పగలగొట్టాడు.

“ఏం పొడిచావే నా కూతురికి?”

“కార్టిజోన్ మందండీ. వెంటనే బెజవాడ తీసుకెళ్ళండి. ఎడ్రినల్ అని చెప్పండి. నా మాట వినండి, నాకూ...”

మాట పూర్తి కానివ్వలేదు సూర్యకాంతం.

“మత్తుమందురా అది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని ఫోన్లో రాలేదూ? మా ఉప్పు తిని మా పిల్లనే పొడుస్తావా?”

ఇంకేం, అందరికీ పూనకం వచ్చింది. తలో చెయ్యీ వేశారు. జుట్టు పట్టి ఈడ్చారు. ఆవిడ సంచిని పాడుబావిలో విసిరేశారు.

“కొడితే కొట్టారు, ఆ సంచి తీసివ్వండి బాబూ. అందులో నా మాత్రలున్నాయి.”

“తిరిగొచ్చాక చెప్తా నీ సంగతి,” అన్నాడు ఉదయశంకర్.

కాయలు పోసే రేకుల షెడ్డులోకి తోసి తాళం వేశారు. కాపలాకి పాలేరు సవరయ్యని పెట్టారు.

మత్తుమందు పిల్లనేం చేస్తుందోనన్న భయంతోనే ఉదయశంకర్ బెజవాడకి కారు తీశాడు.

సాయంత్రానికి రక్తపరీక్షలు చూసి డాక్టరు బయటికొచ్చాడు.

“కిడ్నీల మీద ఎడ్రినల్ గ్రంథులని ఉంటాయి. పాపకి అవి పని చెయ్యట్లేదు. అందుకే ఆ నలుపు, ఆ ఉప్పు యావ. టైముకి ఇంజెక్షన్ పడబట్టి బతికింది. ఎవరు చేశారు?”

ఉదయశంకర్‌ జవాబు చెప్పేలోపే జేబులో ఫోన్ మోగింది.

“అయ్యా, సవరయ్యనండీ. ఆవిడ ఉప్పునీళ్ళివ్వమని ఇందాకటిదాకా తలుపు కొట్టిందండీ. పెద్దమ్మగారు ఇవ్వొద్దన్నారు. ఇప్పుడు తాళం తీసి చూస్తే ఒళ్ళు చల్లబడిపోయిందండీ.”

ఫోన్లో మాట డాక్టరుకీ వినపడింది.

“ఎవరావిడ?”

ఉదయశంకర్ ముక్కలు ముక్కలుగా జరిగింది చెప్పాడు.

“ఆవిడ పెదాలు కూడా నల్లగా ఉన్నాయా?”

తలూపాడు.

డాక్టరు మండిపడ్డాడు.

“ఈ జబ్బున్నవాళ్ళకి దెబ్బ తగిలితే ఆ ఇంజెక్షనే ప్రాణం. అందుకని ఒక్కటి ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటారయ్యా. ఆవిడ తనకోసం ఉంచుకున్నది మీ పాపకి చేసేసింది.”