ఒక్క నిమిషం పందెం

ఫ్యాక్టరీ బోర్డు మీది కొత్త టార్గెట్ చూసి నస్రీన్ నిర్ఘాంతపోయింది. "గంటకు పన్నెండు వందల మందుల డబ్బాలు నింపాల్నా? ఎవరు జేసిన్రు నాగా, గీ లెక్క?"

నిన్నటిదాకా పక్కనే కూర్చుని డబ్బాలు నింపిన నాగవల్లి ఈ పొద్దే సూపర్‌వైజర్ అయింది. తల తిప్పుకుంది. "నిమిషంలో ఇరవై నింపావుగా అక్కా. అరవైతో గుణించాను."

నిన్న టీ తాగుతూ, నిమిషంలో ఇరవై నింపలేవని పందెం కాసింది నాగవల్లే. సెల్లులో టైం పెట్టింది. నస్రీన్ గెలవగానే పల్లిపట్టి ముక్క ఆమె నోట్లో పెట్టింది.

"ఆటనుకొని ఉరికిన గదనే! గంటంత గట్లనే ఉరుకుతరా ఎవరన్న?"

"లెక్కయితే తప్పు కాదక్కా."

లైనులోని ఆడవాళ్లందరూ నస్రీన్‌నే చూస్తున్నారు.

"అయితే గా పల్లిపట్టిని గూడ అరవైతోని గుణించి తే. అందరికీ నా చేతులతోనే పంచుత."