రాతిపిండి పాఠం

“అమ్మాయిని నా క్లాసులోంచి తీసేస్తానంటారు, అంతేగా? తీసేయండి. కాగితం ఆఫీసులో ఇస్తారు,” అంది వెర్నా, తలుపు దగ్గరి మనిషి నోరు తెరవకముందే.

తొమ్మిదో తరగతి సైన్సు టీచర్ ఆమె. ఆ వారం ఆమె మీదికి వచ్చినవాళ్లలో అతను మూడోవాడు. సోమవారం వచ్చిన తండ్రి బల్ల గుద్దాడు. “గని ఉంటేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. పిల్లలకు దాని మీద విషం నూరిపోస్తారా?” అన్నాడు. బుధవారం వచ్చిన తల్లి ఏడుస్తూనే తిట్టిపోసింది. ఇక ప్రిన్సిపాల్ రాట్లిఫ్ పొద్దున్నే పిలిపించి, “ఫుట్‌బాల్ మైదానానికి లైట్లు వేయించింది గనివాళ్లే కదమ్మా. ఆ ఒక్క పాఠం వదిలేస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాడు.

వెర్నా వదల్లేదు. ఈ కొండల్లో మంచి బొగ్గు అయిపోయి, మిగిలిన పలచటి పొరల కోసం రాతిని కూడా కోస్తున్నారు. ఆ రాతిపిండి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పింది.

వచ్చినతను తలుపు రెక్క పట్టుకుని రొప్పుతున్నాడు. ఎంత కోపంతో మెట్లెక్కి వచ్చాడో అనుకుంది. దవడలు లోపలికి పోయాయి. అరవై దాటినట్టున్నాడు. చేతిలో నోటు పుస్తకం, దాని మీద టాన్సీ అని పేరు.

“టాన్సీ తాతగారా?”

“నాన్నని.” పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాడు. “ఇది మీరు చెప్పిందేనా?”

“నేనే. ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.”

“నీళ్లు కొడుతూ కోస్తే పిండి లేవదని రాసింది. సరైన మాస్కు ఉంటే చాలావరకు ఆగుతుందనీ రాసింది.”

“నిజం కాబట్టే రాయించాను. గనివాళ్లకు మంటెక్కితే ఎక్కనివ్వండి.”

“ఇదంతా ఈమధ్య కనిపెట్టారా?”

వెర్నాకు ఒళ్లు మండింది. సోమవారం మనిషీ ఇలాగే మొదలుపెట్టాడు, సైన్సు పూటకో మాట మారుస్తుందని.

“మీ తాతల కాలం నుంచీ తెలుసు డాక్టర్లకి!”

“మీకో?”

“నాకా? ఇరవై రెండేళ్ల కిందట ఈ స్కూల్లో చేరేనాటికే తెలుసు. కాలేజీలో చదువుకుని వచ్చాను. ఎక్కడో విన్న కబుర్లు కావివి.”

అతను బల్ల అంచు పట్టుకున్నాడు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

“అప్పటి పిల్లలకు చెప్పారా?”



“అప్పుడు... కొత్తగా చేరాను. అప్పటి ప్రిన్సిపాల్ కూడా వద్దన్నాడు. ఉద్యోగం ఊడుతుందని నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లూ మూసుకునే ఉన్నాను, సరేనా? ఈ ఏడాదే తెగించాను. తెగించాననేగా మీరంతా వరసపెట్టి నా మీద పడుతున్నారు! ఏ క్లాసులో కూర్చోబెట్టుకుంటారో కూర్చోబెట్టుకోండి మీ పిల్లని!”

“టాన్సీ ఎక్కడికీ పోదు.” అతను పుస్తకం మూశాడు. “ఇక్కడే కూర్చుంటుంది. మీరు చెప్పే ప్రతి ముక్కా నేర్చుకుంటుంది.”

వెర్నాకు అయోమయమైంది. “మరి నా మీద ఈ కోపం దేనికి?”

అతను చెప్పబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. వంగిపోయి, బల్లకు ఆనుకుని, చాలాసేపు దగ్గాడు. నోటికి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలు నల్లగా తడిసింది. చివరికి తలెత్తి ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు.

“నేను డారెల్‌ని, టీచర్. మీ మొదటి బ్యాచ్.”