లేని నాళంలో చప్పుడు

"సంతకం పెట్టను," అంది పెద్దావిడ.

పెన్ను అందించబోయిన సర్జన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాగితంలో ఉన్నది ఒక్క ముక్కే. మంచం మీదున్న ఆవిడ భర్త కుడికాలు మోకాలి కింద నుంచి తీసెయ్యాలి.

"చూడండమ్మా," అంటూ సర్జన్ ఓపిక తెచ్చుకుని కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పాడు. "సీటీ యాంజియో. తొడలో రక్తనాళం బాగానే ఉంది. మోకాలి కింద చూడండి, ఏమైనా ఉందా? రక్తం వెళ్లని కాలిని ఉంచుకుని ఏం చేస్తారు?"

ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంది. బడికి వెళ్లింది ఐదో తరగతి వరకే. ఆ తర్వాతి చదువంతా చేతికందిన అచ్చుకాగితాల్లోనే సాగింది. మూడు నెలల కిందట ఆయన చక్రాల కుర్చీలో గుమ్మంలోకి వచ్చిన రోజు నుంచీ ఆ కాలి గురించే చదువుతోంది.

"ఈ బొమ్మలో ఎముకలేవి బాబూ?"

"కంప్యూటర్ తీసేస్తుంది. నాళాలు బాగా కనపడాలని."

"ఎముకేదో, సున్నం పేరుకున్న నాళమేదో దానికెలా తెలుస్తుంది? సీటీలో రెండూ తెల్లగానే మెరుస్తాయట కదా. ఈయనకేమో ముదిరిన షుగరు. ఎముకతో పాటు నాళాన్ని కూడా ఊడ్చిపారేసిందేమో!"

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. సర్జన్ నవ్వలేదు.

"పోయిన వారం డాప్లర్ తీశారు. చీలమండ దగ్గర జెల్ రాసి, ఆ పరికరం ఆనించగానే రక్తం పారే చప్పుడు జుయ్ జుయ్‌మంది. సన్నగానే అనుకోండి. నా చెవులతో నేను విన్నాను. లేని నాళంలో చప్పుడెక్కడిది?"

"డాప్లర్ తీసే చేతిని బట్టి ఉంటుందమ్మా. ఒక్కోసారి పొరపాటు పడతారు."

"మీ కంప్యూటర్ పడదా?"

పక్కనే ఉన్న కూతురు ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. "ఎందుకమ్మా నీకీ పంతం? తీసెయ్యనీ."

"నువ్వూరుకో."

మంచం మీంచి ఆయన సణిగాడు. "పోతే పోనీవే. చక్రాల కుర్చీ ఉంది. ముందుగదిలో మంచం ఉంది. నువ్వున్నావు. ఇంక నాకేం లోటు?"

ఆ మాటకి ఆవిడ భగ్గుమంది. "వీల్లేదు. ఆ కాలు ఉండి తీరాలి!"

నర్సుకి కళ్లు చెమర్చాయి. "ఎంత అదృష్టవంతులు తాతగారూ మీరు!"

"పోనీ ఎమ్మారై అంటే, మందు ఎక్కించాలి. కిడ్నీలు అంతంతమాత్రం," అన్నాడు సర్జన్.

"మందు లేకుండా తీసేదీ ఉందట. అందులో సరిగ్గా తెలియకపోతే నాళంలోకి గొట్టం పంపించి చూడండి. కాస్త మందుతోనే సరిపెట్టొచ్చట. సందు కనపడితే అక్కడికక్కడే బెలూన్‌తో తెరవొచ్చట. అదీ కాదంటే అప్పుడు పెడతాను సంతకం. అంతదాకా నేనిక్కడి నుంచి కదల్ను."

స్టూలు లాక్కుని మంచానికి అడ్డంగా కూర్చుంది.

సర్జన్ తెర తనవైపు తిప్పుకున్నాడు. ఎముకలు తీసెయ్యక ముందటి బొమ్మలు ఒక్కొక్కటే తెరిచాడు. పిక్క ఎముక పక్కనే తెల్లటి చుక్క. కింది బొమ్మలోనూ ఉంది. ఆ కిందదాంట్లోనూ ఉంది. మౌస్ మీద అతని వేలు ఆగిపోయింది.

మర్నాడు గొట్టం వేశారు. మోకాలి కింద నుంచి చీలమండ దాకా వెంట్రుకంత సందు! బెలూన్‌తో తెరిచారు. ఒక కాలివేలు పోయింది. కాలు దక్కింది.

"మీరే గెలిచారమ్మా," అని సర్జన్ చేతులు జోడించాడు.

వేలు తీసిన చోట పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. కట్టు మార్చింది ఆవిడే, నడక నేర్పిందీ ఆవిడే. ముందు గోడ పట్టుకుని, తర్వాత కర్ర పట్టుకుని, ఆఖరికి ఏదీ పట్టుకోకుండా. నొప్పి అన్నా వినేది కాదు. ఒక్క అడుగు తగ్గినా ఒప్పుకునేది కాదు.

ఆ ఉదయం ఆయన ముందుగది నుంచి వీధి గుమ్మం దాకా గబగబా నడిచి, వెనక్కి తిరిగి పిల్లాడిలా నవ్వాడు.

"చూశావుటే?"

"చూశాను."

ఆవిడ లోపలికెళ్లి ఆయన పెట్టె మోసుకొచ్చింది.

"ముప్పై ఏళ్ల కిందట నన్నూ, చంకలో పిల్లనీ వదిలేసి ఈ గుమ్మం దాటిననాడు కూడా ఇంత బాగానే నడిచారు," అంటూ ఆ పెట్టెని గుమ్మం అవతల పెట్టింది.